డబ్బా కడిగిన పొద్దు

గడ్డికి నీళ్ళు పెట్టే మనిషిని మా ఊళ్ళో అంతవరకూ ఎవరూ చూడలేదు. ఆ చలికాలం నా కొడుకు ఓబిలేష్‌ను చూశారు. చూసినప్పటి నుంచి వాణ్ని మంచి కన్నుతో చూసినవాడు లేడు.

దీపావళి పోయిన వారం. ఆ ఏడు వానలు ఎగ్గొట్టడంతో వేరుశనగలో కాయ కంటే ఆకూ తీగల కట్టే ఎక్కువ వచ్చింది. ఓబిలేష్ కోలారు పక్క ఒక పాల డెయిరీలో పనిచేసి, అది వదిలేసి ఇంటికొచ్చాడు. వచ్చేటప్పుడు మోటారు సైకిలు వెనక ఒక సంచి కట్టుకొచ్చాడు. విప్పి చూస్తే జీలకర్ర మాదిరి సన్నగా, పొట్టు రంగులో ఏవో గింజలు.

"ఏంరా ఇవి?"

"రై గడ్డి విత్తనాలు మా. చలికాలంలో బాగా వస్తాది. కోసేకొద్దీ చిగురేస్తాది. మన ఆవులు రెండూ తిననీ, పాలు చూద్దువు."

"గడ్డిని విత్తేదేంరా? గడ్డి దానంతట అదే మొలుస్తాది గదా."

"అట్ల మొలిచిన గడ్డి యాడుండాదో చూపిచ్చు. పోయి కోసుకొస్తా."

చూపించడానికి ఎక్కడుంది? ఉరవకొండ నుంచి మా ఊరిదాకా బస్సులో కూర్చొని కిటికీలోంచి చూస్తే రాళ్ళు, ఎర్రమన్ను, కంప చెట్లు. అంతే.

నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. వాడు ఫోను ఎత్తకపోతే లారీ కింద పడ్డాడనుకుంటాను. తుమ్మితే ఆస్పత్రి గుర్తొస్తుంది. పచ్చగడ్డి పెంచితే పాములొస్తాయని భయపడ్డాను. బోరు ఎండిపోతుందని భయపడ్డాను. పాములు రాలేదు, బోరు ఎండలేదు. వాడు చేను చుట్టూ కంప కొట్టుకొచ్చి వేస్తుంటే మాత్రం, పనిలో పని అని నేనే రెండు మోపులు అందించాను.

మా పక్క వేరుశనగ పెరికేసినాక చేను ఎవరిదైనా మేత మందలది. ఎవరి గొర్రెలు ఎవరి చేన్లో పడినా అడిగేది లేదు. దానికి బదులుగా మందవాళ్ళు కొన్ని రాత్రులు గొర్రెల్ని ఆ చేన్లోనే పడుకోబెడతారు. ఆ పెంటే చేనికి బలం. మా ఆయన ఉన్నప్పుడూ, పోయినాకా మా చేన్లో మంద పెట్టేది ఆయన తమ్ముడు గంగప్ప. ఊళ్ళో పెద్ద మంద అతనిదే. ఓబిలేష్‌ను భుజాన వేసుకొని జాతరలన్నీ తిప్పినవాడు. ఆ గంగప్ప ఒక పొద్దు మందను తోలుకొని వచ్చి, కంప ముందర నిలబడిపోయాడు.

"ఏమప్పా ఓబిలేషూ, చేను చుట్టూ కంపేస్తివి. దొంగలు తిరుగుతాండారా ఏమి?"

"గడ్డి ఏసినా చిన్నాయనా. గొర్లు పడితే మొలక నిలబడదు."

"ఎవురి గొర్లు?"

"ఎవురివైనా."

"ఎవురివైనా!" గంగప్ప ఆ మాటను నమిలి ఉమ్మినట్టు అన్నాడు. "మీ నాయన ఉన్నన్నాళ్ళూ ఈ చేనికి కంప లేదురా."

"మా నాయన ఉన్నన్నాళ్ళూ వానలుండె."

"నీళ్ళు తాపించేకి గూడా నీ పర్మిషను కావాల్నా?"

"తొట్టి బయటే పెట్టినా గదా. ఎంత కావాలంటే అంత తాపుకో. గడ్డి మాత్రం ఆవులకు."

గంగప్ప నా వైపు చూశాడు. నా చేతిలో ఇంకా కంప మోపు ఉంది. "బాగుండాది వదినా. తల్లీకొడుకులు బాగా కట్టినారు కోట" అని మందను మళ్ళించుకొని పోయాడు.

సాయంత్రం గంగప్ప పెండ్లాం, నా తోడికోడలు చెన్నమ్మ మా గడపలోకి రాకుండా వీధిలోనే నిలబడి నలుగురికీ వినబడేటట్టు అంది. "అక్కా, నీ కొడుకు గొర్లకు అడ్డం కంపేసినాడంట. రేపు గాలికి గూడా ఏస్తాడేమో, మాకు ముందుగా చెప్పండి. మూటాముల్లె సర్దుకుంటాం."

*

గడ్డి వచ్చింది. వచ్చింది అంటే నా కళ్ళతో నేను నమ్మలేనంతగా వచ్చింది. సన్నటి ఆకు, కింది వైపు నూనె రాసినట్టు మెరుపు. పొద్దున్నే స్ప్రింక్లర్లు తిరుగుతుంటే, ఊరి ఆడవాళ్ళు ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకొని ఆ బాటనే కూర్చునేవాళ్ళు. నీళ్ళు గాల్లోకి లేచి గడ్డి మీద పడేది చూస్తూ ఒకరిద్దరు ఏమో అనుకునేవాళ్ళు. నేను ఆ బాటన పోవడం మానేశాను.

టీ అంగడి దగ్గర వాడికి 'గడ్డి దొర' అని పేరు పెట్టారు. "దొరా, గడ్డికి నీళ్ళు పెట్టినావా? మా ఇంట్లో పిల్లోళ్ళకు స్నానాల్లేవు, ఆ తిరిగేదాని కింద నిలబెడదామా?" అని నవ్వేవాళ్ళు. వాడు కొన్నాళ్ళు తానూ నవ్వాడు. ఒక పొద్దు ఎవరో స్ప్రింక్లరు పైపును కొడవలితో కోసేశారు. ఆ తర్వాత నవ్వడం మానేశాడు.

పాలు మాత్రం పెరిగాయి. పాల కేంద్రం నాగజ్యోతి నన్ను చూసి, "ఏం పెడతాండారక్కా ఆవులకు? పాలు ఇంత చిక్కగుండాయి" అంది. కేంద్రంలో నలుగురూ విన్నారు. ఇంత మంచి జరిగితే తర్వాత ఏదో చెడు కాచుకొని ఉంటుందని నా నమ్మకం. ఇంటికొచ్చి కొట్టం గుమ్మానికి ఉప్పు, మిరపకాయలు దిగదుడిచాను.

గంగప్ప గొర్రెలు రోజూ తొట్టి దగ్గర నీళ్ళు తాగేవి. తాగి కదిలేవి కావు. కంపకు ఆనుకొని వరసగా నిలబడి లోపలికి చూస్తూ అరిచేవి. పుష్యమాసం వచ్చేసరికి కొండ మీద ఎండు పోచ కూడా లేదు. గంగప్ప రావి కొమ్మలు, వేప కొమ్మలు కొట్టి వేస్తున్నాడు. గొర్రెల డొక్కలు కనబడుతున్నాయి. పచ్చటి చేను ముందర పెట్టుకొని ఆ అరుపులు వినేది నాకే కష్టంగా ఉండేది, గంగప్పకు ఎట్లా ఉండేదో.

"పోనీ రా, ఒక మూల ఇడిచిపెట్టు. చిన్నాయన గదా" అన్నాను ఓబిలేష్‌తో.

"ఒక మూల ఇడిస్తే గొర్రెకు మూల యాడుందో తెలుస్తాదా మా? చిన్నాయనకు నేనే కోసి ఇస్తానంటి. రోజుకు రెండు మోపులు. ఏమన్యాడో తెలుసునా? 'నీ చేతి కింద చెయ్యి పెట్టేకి నేను బిచ్చగాణ్నా' అన్యాడు."

ఆ వారమే రెండు గొర్రెలు కంప సందులో దూరి లోపల పడ్డాయి. ఓబిలేష్ వాటి చెవులు పట్టుకొని బయటికి ఈడ్చాడు. ఆ సంగతి టీ అంగడికి పోయింది. అక్కడ మాటా మాటా పెరిగి మావాడు అనకూడని మాట అన్నాడు. అది నాకు చెన్నమ్మే మోసుకొచ్చింది.

"విన్యావా అక్కా? 'ఇంగొకసారి నా గడ్డిలో పడితే మందు కొట్టి పెడతా, తిని చావనీ' అన్యాడంట నీ కొడుకు. అంతమంది ముందర. ఎత్తుకొని తిరిగిన చిన్నాయననీ!"

ఆ రోజు ఓబిలేష్‌ను నిలదీశాను. "అన్నావా?"

"కోపంలో అన్యా."

"కోపంలో అన్న మాటేరా పోలీసోళ్ళు రాసుకునేది."

"నేనేం చెయ్యలేదు గదా మా."

"చెయ్యొద్దు నాయనా. నీకు దండం పెడతా."

వాడు నన్ను ఒక మాదిరిగా చూశాడు. "దండమెందుకు పెడతావు?" అన్నాడు.

*

తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున, వాడు పాలు పోయడానికి కేంద్రానికి పోయిన సమయం చూసి, గంగప్ప కంప పక్కకు లాగి మంద మొత్తాన్ని గడ్డిలోకి తోలాడు. మంచు ఇంకా ఆకు మీదే ఉంది. ఆకలికి ఎండిపోయి ఉన్న గొర్రెలు తల ఎత్తకుండా మేశాయి. ఓబిలేష్ తిరిగొచ్చి తరిమేసరికి వాటి పొట్టలు డోళ్ళ మాదిరి ఉన్నాయంట. అరుచుకున్నారు కానీ చేతులు లేవలేదు. "తోలినా. ఏం చేస్తావో చేసుకో" అన్నాడంట గంగప్ప. మావాడు మాట్లాడకుండా కంప మళ్ళీ వేశాడంట. ఆ మాట్లాడకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మరుసటి పొద్దున చెన్నమ్మ ఏడుపు వినబడింది. ఎవరైనా పోయారేమో అనుకొని వీధిలోకి పరిగెత్తాను.

"చంపినారమ్మో! విషం పెట్టి చంపినారు! ఉన్నాటిలో బలమైన గొర్లన్నీ పడిపోయినాయమ్మో!"

ఓబిలేష్ పాలు తీసుకొని పోయున్నాడు. నేను ఆ ఏడుపు దగ్గరికి పోవాల్సింది. పోలేదు. ఇంట్లోకి వచ్చి పెరట్లోకి పోయాను. గోడకు ఆనించి మందు కొట్టే డబ్బా ఉంది. తడిగా ఉంది. మూత తీస్తే ఘాటు వాసన ముక్కులో కొట్టింది. ఈమధ్య వాడు మందు కొట్టిన రోజు ఏదీ నాకు గుర్తు రాలేదు. టీ అంగడి మాట ఒక్కటే చెవుల్లో ఉంది. వాడికి బేడీలు వేసి జీపు ఎక్కిస్తున్నట్టు కళ్ళముందు కనబడింది. జీపు నంబరు కూడా కనబడిందంటే నమ్మండి.

సబ్బు పొడి పోసి, పీచు పెట్టి, లోపలికి చెయ్యి పోయినంతవరకూ పోనిచ్చి డబ్బా కడిగాను. గొట్టం ఊడదీసి కడిగాను. బండ మీద నురగ పారింది. ఒకసారి కడిగింది చాలదనిపించి మళ్ళీ కడిగాను. తల ఎత్తేసరికి దడి అవతల చెన్నమ్మ నిలబడి ఉంది. తిట్టడానికి వచ్చిన మనిషి తిట్టలేదు. నా చేతుల్ని, నురగను, డబ్బాను చూసింది. ఏడుపు ఆపేసింది.

"కడుగుతాండావా అక్కా?" అంది మెల్లగా. అని వెనక్కి తిరిగి పోయింది.

*

పశువుల డాక్టరు వచ్చేసరికి గంగప్ప దొడ్డి చుట్టూ ఊరు ఊరంతా ఉంది. వెనక ఎక్కడో నిలబడదామనుకున్నాను, నాకు దారి ఇచ్చి ముందుకు పంపారు. గొర్రెలు వరసగా పడున్నాయి. మెడలు వెనక్కి విరుచుకొని, కాళ్ళు కొయ్యల మాదిరి చాపుకొని. ఓబిలేష్ ఒక పక్క చేతులు కట్టుకొని నిలబడ్డాడు. వాడి చుట్టూ మాత్రం ఖాళీ.

డాక్టరు ఒక గొర్రె పొట్ట కోసి చూశాడు. లోపలంతా పచ్చటి గడ్డే. ఇంకా ఏవో పట్టి చూసి, నొక్కి చూసి లేచాడు.

"ఇది చిటుకు రోగం లాగా ఉంది. ఆకలిగున్న గొర్రెలు లేత గడ్డి ఒక్కసారిగా మెక్కితే వస్తుంది. తొలకరి తర్వాత మీ మందల్లో చూస్తుంటారు కదా. టీకా వేయించి ఎన్నాళ్ళయింది?"

"తొలకరి యాడుండాది సార్ ఇప్పుడు?" అన్నాడు ఎవరో.

"గడ్డి ఉంది కదప్పా."

"విషం కాదా సార్?" అని అడిగాడు ఊరి పెద్ద బాలప్ప.

"నాకు అట్లా అనిపించడం లేదు. ముక్కలు పరీక్షకు పంపుతాను. రావడానికి టైము పడుతుంది."

టైము పడుతుందన్న మాట దగ్గర జనం గొణిగారు. అప్పుడు ఓబిలేష్ ఎవరికీ చెప్పకుండా బయటికి పోయాడు. పారిపోయాడన్నారు. వాడు చేన్లోకి పోయి, గొర్రెలు మేసిన చోటే మిగిలిన గడ్డి చంకనిండా కోసుకొని, ఒక ఆవును తాడు పట్టుకొని తోలుకొచ్చాడు. అందరి ముందర గడ్డి వేశాడు. ఆవు తింది. కరకరమని నమిలే చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

"రోజూ తినే గడ్డే ఇది" అన్నాడు. "రేపు పొద్దున దాకా ఈడ్నే కట్టేస్తా. మీరే కాపలా ఉండండి. చస్తే నన్ను ఏమన్నా చేసుకోండి."

బాలప్ప తల ఊపాడు. నలుగురు ముఖాలు చూసుకున్నారు. గాలి వాడివైపు తిరిగినట్టే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు గంగప్ప నోరు విప్పాడు. అంతవరకు గొర్రెల దగ్గర గొంతుక్కూర్చొని ఉన్నవాడు లేవను కూడా లేదు.

"అంతా సరేరా. మీయమ్మ మందు డబ్బా యాందుకు కడిగినాది?"

ఓబిలేష్ నవ్వబోయాడు. "ఏం డబ్బా?"

"అడుగు. ఆడ్నే ఉండాది గదా."

"నా కళ్ళారా చూసినా" అంది చెన్నమ్మ. "సబ్బు పొడేసి, బండంతా నురగ. ఏడుపు వినబడినాక, నా గొర్లు చచ్చినాయని వినబడినాక."

ఓబిలేష్ నా వైపు తిరిగాడు. నేనేదో ఒకటి అనొచ్చు. రోజూ కడుగుతానని చెప్పొచ్చు. అబద్ధం కూడా సమయానికి దొరకాలి కదా.

"నాకు భయమైంది" అన్నాను.

"దేనికి భయం వదినా?" గంగప్ప గొంతు చాలా మర్యాదగా ఉంది. "నీ కొడుకు కొట్టలేదు గదా?"

ఓబిలేష్ నా ముఖం కొంచెం సేపు చూశాడు. "నిన్న సాయంత్రం కొట్టంలో ఆవులకు పట్టిన గోమారు పురుగులకు కొట్టినా" అన్నాడు. అందరికీ కాదు, నాకు చెప్పాడు. "నువ్వు ట్యాంకరు కాడికి పోయింటివి." తర్వాత ఆవు తాడు విప్పుకున్నాడు. రేపటిదాకా కట్టేస్తానన్నవాడు దాన్ని తోలుకొని ఇంటికి పోయాడు.

*

పోలీసుల దాకా పోలేదు. కంప తీసెయ్యాలని పెద్దలు చెప్పారు, అంతే. పరీక్ష ఫలితం వచ్చిందో లేదో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఊరికి లేకుండా నేనే చేశాను కదా. పాల కేంద్రంలో నాగజ్యోతి క్యాను మూత తియ్యకుండానే, "నేను వద్దనడంలా అక్కా. పోసేటోళ్ళంతా మీ పాలల్లో మావి కలపొద్దంటాండారు. కొన్నాళ్ళు ఆగండి" అంది. పాలు దూడలకు వదిలాం. మిగిలినవి కాచి, తోడుపెట్టి, ఏం చెయ్యాలో తెలియక పారబోశాం.

ఇంట్లో ఓబిలేష్ గొడవ చేయలేదు. చేస్తాడని ఎదురు చూశాను. తిడతాడు, నాలుగు గిన్నెలు విసిరేస్తాడు, అయిపోతుంది అనుకున్నాను. వాడు పెట్టింది తిని తట్ట తానే కడుక్కునేవాడు. ఒక పొద్దు పోయి కంప అంతా తానే లాగి కాలవపక్క పోగేశాడు. ఇంటికొచ్చి చేతుల్లో ముళ్ళు తీసుకుంటుంటే పిన్నీసు పట్టుకొని దగ్గరికి పోయాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కంప తీసిన చేన్లోకి వెంటనే మంద పడుతుందనుకున్నాను. పడలేదు. కొన్నాళ్ళకు ఒక మిట్టమధ్యాహ్నం కూడు తీసుకొని పోతుంటే గంగప్ప కనబడ్డాడు. ముందు గొర్రెలకు బాట పక్కన ఎండు వేరుశనగ కట్టె వేసి మేపుతున్నాడు. అవి కడుపు సగం నింపుకున్నాక గడ్డిలోకి తోలాడు. కాసేపు మేయనిచ్చి, చేతికర్ర తిప్పి మళ్ళీ బయటికి తోలేశాడు. మంచు ఆరిపోయిన ఎండపొద్దు. నాకు నోరు ఊరుకోలేదు.

"ఏమప్పా గంగప్పా. విషమంటివి గదా ఆ గడ్డి. ఇప్పుడు ఎట్ల మేపుతాండావు?"

అతను నన్ను తప్పించుకోలేదు. "విషం కాదని ఆపొద్దే తెలుసు వదినా. మెడ యనక్కి ఇరిచి పడిందంటే అది చిటుకే. నలభై ఏండ్లు గొర్ల యనక తిరిగినోనికి తెలీదా? మంచులో తోలింది నాదే బుద్ధి తక్కువ."

"తెలిసీ నా కొడుకు మీద పెడితివా?"

"నేనేం పెట్టలేదు. విషమని నేను ఒక్క మాట అన్యానా? గుర్తు చేసుకో." చేతికర్రకు గడ్డం ఆనించి నిలబడ్డాడు. "డబ్బా యాందుకు కడిగినావని అడిగినా. అంతే. కన్నతల్లి కడిగినాక ఊరు ఏమనుకుంటాదో అది ఊరి ఇష్టం."

"నీ నోట్లో మన్ను పొయ్య!"

"పొయ్యి. నాకు పోయిన గొర్లు పోయినాయి. నీకు పోయింది నువ్వు చూసుకో" అని మందను అదిలించుకొని పోయాడు.

ఆ కోపంతో చేను గట్టున ఉన్న ఓబిలేష్ దగ్గరికి పరుగున పోయాను. ఈ మాట చెబితే వాడు మళ్ళీ నాతో మాట్లాడతాడని, ఇద్దరం కలిసి గంగప్పను తిట్టుకుంటామని ఆశ.

"మీ చిన్నాయనకు తెలుసంట నాయనా, విషం కాదని. మొదటి పొద్దే తెలుసంట! ఇప్పుడే తన నోటితో అన్యాడు."

ఓబిలేష్ కూడు మూట విప్పుతున్నాడు.

"అందరికీ తెలుసు మా" అన్నాడు. "నీకొక్కదానికే తెలీలా."

ముద్ద కలుపుకొని తిన్నాడు. నీళ్ళు అడిగితే ఇచ్చాను.

ఫాల్గుణమాసం ఎండలు ముదిరేసరికి రై గడ్డి తనంతట తానే పండి, పసుపుబారి, ఎండి రాలిపోయింది. ఆ గడ్డికి వేడి పడదంట. వాడు మళ్ళీ ఆ విత్తనం తేలేదు. పాలు మళ్ళీ కేంద్రానికి పోతున్నాయి. చెన్నమ్మ వీధిలో ఎదురైతే, "ఏమక్కా, కడిగేది అయిపోయిందా?" అంటుంది. అంట్లు కడిగేదాని గురించి అడిగినట్టే అడుగుతుంది.

ఏ తల్లయినా కడుగుతుంది. అది నేను ఎవరికైనా చెబుతాను. జైలుకు పోయేది మీ కొడుకైతే తెలుస్తుంది.

మందు డబ్బాను ఇప్పుడు వాడే కడుగుతాడు. కొట్టంలో దూలానికి మేకు కొట్టి, నా చెయ్యి అందనంత ఎత్తులో తగిలిస్తాడు. నేను దాని జోలికి పోను. కానీ ఊళ్ళో కుక్క చచ్చినా, కోడి చచ్చినా నా కన్ను ముందు ఆ దూలం మీదికే పోతుంది, డబ్బా తడిగా ఉందేమోనని.